“మందులు వాడుచున్నది కదా” యను వాదము

హెచ్.ఐ.వి. సోకిన స్త్రీ మాత్రలను క్రమము తప్పక సేవించుచు, రక్తములో రోగనిరోధకశక్తికి కొలతయైన సీడీ4 కణముల సంఖ్య పెంపొంది, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కానరాని స్థితికి వచ్చినదేని, ఆమె విషయమున వైద్యము చేయవలసిన పని ముగిసినట్లేయని, ఇంక మిగిలినది వేళకు మాత్రల డబ్బాను చేతికందించుటయేయని తలంచువారు నేడు మన దేశమున వైద్యులలోను, అధికారులలోను, రోగులలోను గూడ పెక్కండ్రు కలరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మాట యెవరైన నెత్తినచో, “మందులు వాడుచున్నది కదా, వైరసే కనబడుటలేదు, ఇంక భయమేల?” యని వారు బదులు చెప్పుదురు. ఈ బదులు కేవలము అబద్ధమైనయెడల దానిని త్రోసిపుచ్చుటకు ఒక వాక్యము చాలియుండెడిది. సగము నిజమగుటచేతనే అది యింతకాలము నిలిచినది, ఇంత హానిని చేయుచున్నది.

ఆ సగము నిజమును ముందుగా ఒప్పుకొనుట న్యాయము. 1986లో మద్రాసు నగరమున ఈ వైరస్ మన దేశములో నున్నట్లు తొలిసారి బయల్పడినది మొదలు, 2004 ఏప్రిల్ 1వ తేదీన ప్రభుత్వము హెచ్.ఐ.వి.ని అణచు ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట ప్రారంభించువరకు, బీదవారికి ఆ వ్యాధినిర్ణయమే మరణశాసనముగా నుండెను. ఎముకలగూడై మంచము పట్టిన మనుష్యులు ఆరు నెలలలో లేచి మరల కూలికి పోవుటను కన్నులార చూచిన వైద్యునకు మాత్రయందు భక్తి కలుగుటలో వింత లేదు. 2017 నుండి సీడీ4 సంఖ్యతో నిమిత్తము లేక, వ్యాధి నిర్ధారణ యైన ప్రతివారికిని వెంటనే మందులిచ్చు పద్ధతి కూడ వచ్చినది. నేడు దేశమున సుమారు 25 లక్షలమంది హెచ్.ఐ.వి.తో జీవించుచున్నారని అంచనా. అందు మూడు లక్షలకు పైబడినవారు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే కలరు. మొత్తముమీద స్త్రీలు సగమునకు కొంచెము తక్కువ. ముప్పది యేండ్ల ప్రాయమున చావు అంచునుండి వెనుకకు వచ్చి, నేడు నడివయస్సు దాటుచున్న స్త్రీలు వీరిలో వేలకొలది యుందురు. మందులు వారికి ఆయువునిచ్చినవి. ముఖద్వార క్యాన్సరు నిదానముగా పెరుగు వ్యాధి గనుక, దానికి కావలసిన గడువును గూడ ఆ యాయువే యిచ్చినది. ఈ రెండవ వాక్యమును మన కార్యక్రమములు ఇంకను చదువలేదు.

మాత్ర ఏమి చేయునో, ఏమి చేయజాలదో చూతము. నేడు మన కేంద్రములలో నిచ్చుచున్న సాధారణ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అను మూడు మందులు కలవు. మొదటి రెండును హెచ్.ఐ.వి. తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చుకొనుటకు వాడు ఎంజైమును స్తంభింపజేయును. మూడవది, అట్లు మారిన డి.ఎన్.ఏ. మన కణకేంద్రములోని జన్యుపదార్థముతో అతుకుకొనకుండ అడ్డుపడును. ముఖద్వార క్యాన్సరునకు మూలమైన హ్యూమన్ పాపిల్లోమా వైరస్ వేరొక జాతిది. అది పుట్టుకతోనే డి.ఎన్.ఏ. వైరస్, తన సంతానవృద్ధికి ఈ రెండు ఎంజైములలో దేనినిగాని వాడదు, మన కణముయొక్క సొంత యంత్రసామగ్రినే వాడుకొనును. కావున హెచ్.ఐ.వి. మాత్ర హెచ్.పి.వి.ని గూడ అణచునని ఆశించుట ఎలుకబోను పెట్టి చెదలు పోవునని కూర్చుండుట వంటిది. హెచ్.పి.వి.ని ఒంటినుండి తరుము మాత్ర ఇంతవరకు లోకమున లేదు. దానిని తరుమవలసినది రోగనిరోధకశక్తియే.

ఆ శక్తి సాధారణముగా తన పనిని చక్కగనే నెరవేర్చును. దాంపత్యజీవితము గలవారిలో అధికసంఖ్యాకులకు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుననియు, పదింట తొమ్మిదిపాళ్లు అది రెండేండ్లలో తనంతట తానే తొలగిపోవుననియు శాస్త్రజ్ఞులు నిర్ధారించియున్నారు. తొలగిపోని కొలదిమందిలోనే చిక్కు. వైరసులోని ఇ6 అను ప్రోటీను, చెడిన కణమును చంపవలసిన పి53 అను కాపలాదారును నాశనము చేయును. ఇ7 అనునది, కణవిభజనకు కళ్లెము వేయు ఆర్.బి. అను ప్రోటీనును బంధించును. చంపువాడును లేక, ఆపువాడును లేక, ముఖద్వారమున రెండు విధములైన పొరలు కలియు సున్నితమైన వలయములో కణములు విచ్చలవిడిగా పెరుగ మొదలిడును. రోగనిరోధకశక్తి సరిగా నున్న స్త్రీలో ఈ మార్పు క్యాన్సరుగా పరిణమించుటకు పదునైదు మొదలు ఇరువది సంవత్సరములు పట్టును, హెచ్.ఐ.వి. సోకి చికిత్స పొందని స్త్రీవలె ఆ శక్తి క్షీణించినవారిలో ఐదు మొదలు పది సంవత్సరములే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అట్టివారిలో ఏకకాలమున అనేక రకముల హెచ్.పి.వి. యుండుటయు, సోకినది తొలగక నిలిచిపోవుటయు అధికము.

ఇందుకు ప్రతిపక్షమువారు, “చికిత్స పొందని స్త్రీ సంగతి మీరు చెప్పుచున్నారు, మా రోగులు చికిత్స పొందుచున్నారు” అనవచ్చును. నిజమే. చికిత్స ముప్పును తగ్గించును. మందులు వాడువారిలో ముఖద్వారమున తీవ్రమైన కణవికారములును, క్యాన్సరును తక్కువగా నుండునని అనేక దేశముల అధ్యయనములను సమీకరించి 2018లో ప్రకటించిన పరిశీలన చూపినది. కాని తగ్గుట వేరు, పోవుట వేరు. మందులు మొదలిడుటకు పూర్వము సీడీ4 సంఖ్య రెండువందలకో, అంతకన్న తక్కువకో దిగజారియుండి, ఆ స్థితిలో ఏండ్ల తరబడి గడపిన స్త్రీ ముఖద్వారమున ఆ కాలములోనే హెచ్.పి.వి. పాతుకొనియుండవచ్చును, నేటి ఎనిమిదివందల సీడీ4 నాటి వికారమును తుడిచిపెట్టునను పూచీ లేదు. 2004కును 2017కును నడుమ మన దేశమున మందులు ప్రారంభించినవారిలో పలువురు, నాటి నిబంధనల ప్రకారము సీడీ4 బాగుగా పడిపోవువరకు వేచియుండినవారే. కావున “మా రోగులు” అని వారు చెప్పుకొను స్త్రీలలోనే ఆ పాత యప్పు తీరనివారు దండిగా నున్నారు. హెచ్.ఐ.వి. సోకిన స్త్రీకి ముఖద్వార క్యాన్సరు వచ్చు అవకాశము, సోకని స్త్రీకన్న ఆరు రెట్లు అధికమని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన గణన తేల్చినది. హెచ్.ఐ.వి.ని, ముఖద్వార క్యాన్సరును ఒక్క దేహమున మోయుచున్నవారిలో నూటికి ఎనుబదియైదుగురు సహారాకు దక్షిణముననున్న ఆఫ్రికా స్త్రీలు. ఈ కడపటి యంకెను చూచి, ఇది ఆఫ్రికా సమస్యయే గాని మనది కాదని ఊరట చెందువారు, రోగము దేశపు సగటును చూచి కాక మనిషిని చూచి పట్టుననుట మరచుచున్నారు.

ఈ సంబంధము నిన్న మొన్న తెలిసినదియు గాదు. 1993 జనవరిలోనే అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము, ముదిరిన ముఖద్వార క్యాన్సరును ఎయిడ్స్ నిర్వచనములో చేర్చినది. అంతకు మునుపటి నిర్వచనము ప్రధానముగా పురుషులలో కనబడిన లక్షణములను బట్టి కూర్చబడినది గనుక, స్త్రీలు ఆ నిర్వచనములో ఇమడక, ఇమడనందువలన సహాయమునకును నోచుకొనక మరణించుచుండిరి. వీధులలోను న్యాయస్థానములలోను పోరాడి వారు ఆ మార్పును సాధించుకొనిరి. 2008లో వైద్యశాస్త్రమునకిచ్చిన నోబెల్ బహుమానములో సగము, ముఖద్వార క్యాన్సరునకు హెచ్.పి.వి. కారణమని చూపిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కును, మిగిలిన సగము హెచ్.ఐ.వి.ని కనుగొనిన ఫ్రాన్స్వాజ్ బారె సినూసి, లూక్ మాంటగ్నియర్‌లకును దక్కినది. స్టాక్‌హోమ్‌లో ఒకే వేదికమీద కూర్చుండిన ఈ రెండు వైరసులు మన జిల్లా ఆసుపత్రిలో మాత్రము రెండు వేర్వేరు భవనములలో, రెండు వేర్వేరు రిజిస్టర్లలో, ఒకదాని ముఖము మరియొకటి ఎరుగక యున్నవి.

ఈ విభజనను సమర్థించుటకు చెప్పు మాటలలో మిక్కిలి నీచమైనది నడవడికి సంబంధించినది. పైకి అనరు గాని లోపల అనుకొందురు: ఆ వ్యాధియు నడవడివలన, ఈ వ్యాధియు నడవడివలన, కావున అనుభవింపనిండు అని. ఈ తలంపునకు పాండిత్యపు ముసుగు వేయదలచినవారు 1842లో ఇటలీయందలి వెరోనా నగరపు మరణపత్రములను పరిశీలించి, సన్యాసినులలో గర్భాశయ క్యాన్సరు అరుదనియు, పెండ్లియైన స్త్రీలలో అధికమనియు చెప్పిన రిగోని స్టెర్న్ అను వైద్యుని జ్ఞప్తికి తెచ్చుకొందురు. మంచిదే, కాని ఆయన సన్యాసినులతో పోల్చినది వారకాంతలను గాదు, గృహిణులను. వ్యాధికి కావలసినది దుర్నడత కాదు, దాంపత్యము. మన దేశములో హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలలో అధికభాగమునకు అది భర్తవలన సంక్రమించినదను సంగతి ఏ.ఆర్.టి. కేంద్రపు కౌన్సెలరు నెవ్వరినడిగినను చెప్పుదురు. పదునేడేండ్లకు తాళి కట్టించుకొని, ఇరువదిమూడేండ్లకు భర్త మరణశయ్యప్రక్కన తన రక్తపరీక్ష ఫలితమును విని, అత్తవారింటనుండి వెడలగొట్టబడిన స్త్రీకి ఆ రెండవ వైరస్ కూడ ఆ యొక్క మంచముమీదనే సోకియుండును. ఆమెకు నీతిబోధ చేయువారు ఆమె పెండ్లికి ముహూర్తము పెట్టినవారే.

నీతి మాట యట్లుండనిచ్చి, నీతికంటె మర్యాదగా వినవచ్చు మరియొక వాదమును చూతము. “ఏదైన బాధ కలిగినయెడల ఆమెయే చెప్పును, అప్పుడు పంపుదుము” అని కొందరు వైద్యులందురు. చికిత్సచే సులభముగా తొలగింపదగిన దశలో ముఖద్వార వికారమునకు బాధ లేదు. రక్తస్రావము కనబడి, దుర్వాసనతో తెల్లబట్ట యగుచు, నడుమునొప్పి పట్టి ఆమె చెప్పుకొను వేళకు అది వికారము గాదు, క్యాన్సరు. అప్పుడైనను ఆమె చెప్పునా? తెల్లబట్టను గూర్చి తల్లితో చెప్పుటకే సిగ్గుపడు మన యాడువారు, పదిమంది వరుసలో వెనుక నిలిచియుండగా, కిటికీకి ఆవలనున్న మనిషితో దానిని చెప్పుకొందురనుకొనుట ఆ కిటికీముందు ఎన్నడును నిలువనివారికే సాధ్యము. వేడి చేసినదని సబ్జాగింజలు నానబెట్టి త్రాగి, మందులకొట్టులో రెండు గొట్టములు కొని మింగి, ఏడాది గడపిన పిమ్మట ఆమె వచ్చును. అప్పటికి ఆమె ప్రయాణము జిల్లా ఆసుపత్రితో ఆగదు. రేడియేషన్ యంత్రమున్న హైదరాబాదు వంటి నగరమునకు పోవలసివచ్చును, కూలి పోవును, తోడు వచ్చు దిక్కుండదు.

ఇంక, ఇది తమ శాఖ పని కాదనువారు. సాధారణ స్త్రీలకు ముఖద్వార పరీక్ష చేయవలసిన బాధ్యత అసాంక్రామిక వ్యాధుల శాఖది, 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన పద్ధతి ప్రకారము ముప్పది మొదలు అరువదియైదేండ్లవరకు గల స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఆ పరీక్ష జరుగవలెను, కావున ఏ.ఆర్.టి. కేంద్రమువారు అందు వ్రేలు పెట్టనేల యని వీరి ప్రశ్న. కాగితముమీద సరియే. కాని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ముప్పది మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయస్సుగల స్త్రీలలో ఎప్పుడైన ఒకసారి యీ పరీక్ష చేయించుకొనినవారు దేశమంతట నూటికి ఇద్దరైనను లేరని చెప్పినది. ఇద్దరైన లేని ఆ వరుసలోనికి, ఆరు రెట్లు ముప్పుగల స్త్రీని పంపి, ఆమె వంతు వచ్చునని చెప్పుట పరిపాలనయా? మరియు ముప్పదేండ్ల హద్దే ఆమెకు వర్తింపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన సూచనలలో హెచ్.ఐ.వి. గల స్త్రీలకు ఇరువదియైదేండ్లనుండియే పరీక్ష మొదలిడవలెననియు, సాధారణ స్త్రీలకు ఐదు మొదలు పదేండ్లకొకసారి చాలినను వీరికి మూడు మొదలు ఐదేండ్లకొకసారి చేయవలెననియు చెప్పబడినది. ఒకే కొలతతో అందరిని కొలుచుట సమానత్వమువలె కనబడును గాని, ఇక్కడ అది అన్యాయము.

విచిత్రమేమన, మన ప్రజారోగ్యవ్యవస్థ మొత్తముమీద ఏ.ఆర్.టి. వాడు స్త్రీ వలె క్రమము తప్పక ఆసుపత్రికి వచ్చు ఆరోగ్యవంతురాలు మరియొకతె లేదు. బిడ్డలకు టీకాలు వేయించు తల్లి కొన్నాళ్లకు రాక మానును, రక్తపోటు రోగి రెండు నెలలు వచ్చి మూడవనెల ఎగవేయును. ఈమె మాత్రము పదిహేనేండ్లుగా పుస్తకము చేతబట్టుకొని, ఊరిలో ఎవరికిని చెప్పక బస్సెక్కి వచ్చుచునే యున్నది. రానియెడల వెదకికొనివచ్చుటకు మనుష్యులను గూడ ప్రభుత్వము నియమించినది. ముఖద్వార పరీక్షకై గ్రామగ్రామమున స్త్రీలను బ్రతిమాలవలసివచ్చునని వాపోవు శాఖ, తనంతట తాను గుమ్మమునకు వచ్చిన స్త్రీకి చేయక పంపివేయుచున్నది. దీనికి కారణము వెదకినచో దుష్టబుద్ధి కనబడదు, లెక్క కనబడును. వ్యాధి తెలిసినవారు నూటికి 95, వారిలో మందులు వాడువారు 95, వారిలో వైరస్ అణగినవారు 95 అను మూడంకెల లక్ష్యము కార్యక్రమమునకు ప్రాణము. క్యాన్సరుతో మరణించిన స్త్రీ ఆ మూడింటిలోను ఉత్తీర్ణురాలే. ఆమె చావు ఏ కొలతకును తగులదు.

పరికరములు లేవు, పాథాలజిస్టులు లేరు, అది ధనిక దేశముల పరీక్ష యనువారికి సమాధానము మన దేశమే యిచ్చినది, మన దేశమే దానిని ప్రక్కన బెట్టినది. మహారాష్ట్రలోని నాటి ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో లక్షా ముప్పదివేలకు పైబడిన స్త్రీలతో నడిపిన పరిశోధన, ఒక్కసారి చేసిన హెచ్.పి.వి. పరీక్షయే ముఖద్వార క్యాన్సరు మరణములను దాదాపు సగమునకు తగ్గించునని 2009లో చూపినది. ముంబై మురికివాడలలో టాటా మెమోరియల్ వైద్యులు పదవతరగతి చదివిన స్థానిక స్త్రీలకు శిక్షణనిచ్చి, పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వినిగర్‌లోని పులుపును, ముఖద్వారమునకు పూసి తెల్లబారు భాగములను కంటితో గుర్తించు వి.ఐ.ఏ. పరీక్షను చేయించి, మరణములను నూటికి 31 వంతులు తగ్గించిరి. ఈ పరిశోధనలలో పోలికకై పరీక్ష చేయకుండ విడిచిన స్త్రీల విషయమున నైతికమైన ఆక్షేపణ వచ్చినది. అది న్యాయమైన ఆక్షేపణయే. అంత మూల్యము చెల్లించి సంపాదించిన జ్ఞానమును వాడకుండుట అంతకన్న పెద్ద యన్యాయము. హెచ్.ఐ.వి. స్త్రీల విషయమున మార్గము చూపినది జాంబియా. మనకన్న బీదదేశమైన దాని రాజధాని లుసాకాలో 2006 నుండి హెచ్.ఐ.వి. చికిత్స జరుగు ఆవరణములోనే నర్సులు వి.ఐ.ఏ. చేయుచు, ముఖద్వారమును కెమెరాతో చిత్రించి, సందేహమున్నచోట ఆ చిత్రమును నిపుణునకు చూపి, సాధ్యమైనంతవరకు ఆనాడే చికిత్స చేసి పంపు పద్ధతి సాగినది.

వి.ఐ.ఏ.కు లోపములు లేవని నేననను. చూచువాని కంటి నైపుణ్యముమీద అది ఆధారపడును. ముట్లుడిగిన స్త్రీలలో ఆ వలయము లోనికి ముడుచుకొనును గనుక పనికిరాదు. అందుచేతనే నేడు హెచ్.పి.వి. డి.ఎన్.ఏ. పరీక్షను ప్రధానముగా చేసికొనుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. క్షయకై మన జిల్లాలలో నెలకొల్పిన జీన్ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ యంత్రములు తగిన కార్ట్రిడ్జిని, చిప్పును అమర్చినచో హెచ్.పి.వి.ని గూడ పట్టగలవు. నమూనాను స్త్రీ తానే, మూసిన తలుపుల వెనుక, మెత్తని కుంచెతో తీసి ఇయ్యవచ్చును. బల్లమీద పరుండి పరుల యెదుట దేహమును అప్పగింపవలసిన బాధ ఆమెకు లేదు. ఆసుపత్రులలో హెచ్.ఐ.వి. పేరు వినగానే చేతితొడుగులు రెండు జతలు తొడుగు చూపులను ఏండ్ల తరబడి భరించిన స్త్రీకి ఈ యేకాంతము ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

పరీక్షయే చికిత్స గాదు. హెచ్.ఐ.వి. గల స్త్రీలలో హెచ్.పి.వి. కనబడువారి సంఖ్య పెద్దది. కనబడిన ప్రతి యొకరికిని చికిత్స చేయుట అనవసరము గనుక, రెండవ పరీక్షతో వడపోసి, వికారమున్నవారికే చికిత్స చేయవలెనని సూచన. చికిత్సలోను తేడా కలదు. గడ్డకట్టించి వికారకణములను చంపు క్రయోథెరపీ చౌక. విద్యుత్తీగెతో ఆ భాగమును కోసితీయు లీప్ పద్ధతి ఖర్చుగలది. కెన్యాలో హెచ్.ఐ.వి. గల నాలుగువందలమంది స్త్రీలపై జరిపి 2019లో ప్రకటించిన పోలికలో, రెండేండ్లలో వికారము తిరుగబెట్టినవారు క్రయోథెరపీ పొందినవారిలో నూటికి 30, లీప్ పొందినవారిలో 19. అనగా ఉత్తమచికిత్స పిదపకూడ ఐదుగురిలో నొకరికి దాదాపుగా తిరిగివచ్చుచున్నది. ఒకసారి చేసి చేతులు దులుపుకొను శిబిరములు ఈ స్త్రీలకు పనికిరావు. ఏడాదికి మరల చూడవలెను, చూచుటకు ఆమె ఎక్కడ దొరకునో తెలిసియుండవలెను. ఆమె ఎక్కడ దొరకునో తెలిసిన చోటు మన రాజ్యమంతటను ఏ.ఆర్.టి. కేంద్రమొక్కటియే.

క్యాన్సరు భయమును చూపి మరియొక వ్యాపారము సాగుచున్నది. దానిని గూడ ఇక్కడనే ఖండింపవలయును. తెల్లబట్టయని పోయిన పల్లెటూరి స్త్రీకి “గర్భసంచి చెడినది, క్యాన్సరు కాగలదు, తీసివేయుదము” అని చెప్పి, నలుబదేండ్లయిన నిండక మునుపే శస్త్రచికిత్స చేయుట తెలుగుదేశమున ఎంత ప్రబలినదో, గర్భసంచి తీయించుకొనిన స్త్రీల శాతము దేశమున అన్నిటికంటె హెచ్చుగా ఆంధ్రప్రదేశ్‌లో నున్నదను కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కయే సాక్ష్యము: పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి ఎనిమిదిమందికి పైగా. దేశమున పరీక్ష నూటికి ఇద్దరికి లేదు, ఆంధ్రప్రదేశ్‌లో శస్త్రచికిత్స ఎనిమిదిమందికి! పరీక్ష లేనిచోట భయము కత్తికి కూలి సంపాదించి పెట్టును. హెచ్.పి.వి. కనబడుట క్యాన్సరు గాదు, క్యాన్సరు వచ్చితీరునను జాతకమును గాదు అని విడమరచి చెప్పుట, “మందులు వాడుచున్నావు, ఏమియు రాదు” అని చెప్పుటవలెనే సులభము. నిజము కావుటచేత మేలైనది.

టీకా వచ్చుచున్నది గదా, ఇంక ఈ గొడవ యేల యనువారును కలరు. పూణె సీరం సంస్థ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించినది, అది శుభవార్త. కాని టీకా సోకకమునుపు కాపాడునే గాని, సోకిన వైరసును తొలగింపదు, మొలకెత్తిన వికారమును మాన్పదు. తొమ్మిదేండ్ల బాలికకు అది కవచము. నలుబదేండ్ల ఆమె తల్లికి కాదు. తల్లికడుపునుండియే హెచ్.ఐ.వి.తో పుట్టి నేడు కౌమారమున నున్న బాలికలకు మాత్రము ఇది అత్యవసరము. ఇతరులకు ఒక్క మోతాదు చాలవచ్చునని చెప్పు ప్రపంచ ఆరోగ్య సంస్థయే, వీరికి కనీసము రెండు, వీలైనచో మూడు మోతాదులు కావలెనని చెప్పుచున్నది. తెలుగువారికి ఈ టీకా పేరు వినగానే స్ఫురించునది 2009 నాటి ఖమ్మం. ఆ జిల్లాలో, అందును గిరిజన వసతిగృహములలో, తల్లిదండ్రుల సమ్మతికి బదులు వార్డెనుల సంతకములతో బాలికలకు టీకాలు వేసిన ప్రయోగాత్మక కార్యక్రమము, కొందరు బాలికల మరణములపై అలజడి రేగి 2010లో నిలిపివేయబడినది. ఆ మరణములకు టీకా కారణమని విచారణసంఘము తేల్చలేదు. సమ్మతి తీసికొనిన విధము తప్పని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా నిందించినది. టీకా నిర్దోషియైనను వేసిన తీరు దోషభూయిష్ఠము. అడుగక చేసిన మేలు అనుమానమునకు దారితీయునని అప్పుడు తెలిసినది గనుక, ముఖద్వార పరీక్షను గూడ పింఛనుకో, మాత్రలకో ముడిపెట్టి బలవంతముగా చేయబోవు ఉత్సాహవంతులను నేను ముందుగనే వారింతును. రోగి రహస్యమును కాపాడుటయు, సమ్మతి లేక పరీక్ష చేయకుండుటయు 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టమే విధించిన ధర్మములు.

చివరకు మిగులునది సిబ్బంది మొర. ఒక్క వైద్యుడు, ఇద్దరు కౌన్సెలర్లు, ఎదుట వందలాది రోగులు. ఇంకొక పనిని నెత్తిన వేయుటకు మీకు దయ లేదా యని వారడుగుదురు. ఈ యొక్క అభ్యంతరమును మాత్రము నేను ఖండింపను, ఏలయన అది వాదము గాదు, వాస్తవము. వారడుగవలసినది నన్ను గాదు, తమకు జీతమిచ్చువారిని. మూడు నెలలకు సరిపడు మాత్రలను ఒకేసారి యిచ్చు పద్ధతి వచ్చినచోట రోగి రాకపోకలు మూడవవంతునకు తగ్గినవి. అట్లు మిగిలిన వేళలో వారమునకొకనాడు, శిక్షణ పొందిన ఒక నర్సు, తలుపు గల ఒక గది, నమూనా గొట్టములు, క్షయవిభాగపు యంత్రముమీద కొన్ని గంటలు, పుస్తకములో “ముఖద్వార పరీక్ష: తేదీ, ఫలితము, మరల రావలసిన దినము” అను మూడు గడులు — ఇంతకు మించి తొలిమెట్టున కావలసినది లేదు. వికారము కనబడినవారికి జిల్లా ఆసుపత్రి స్త్రీవైద్యవిభాగములో నిర్ణీతమైన దినము, పంపినవారు చేరిరో లేదో విచారించు బాధ్యత ఒకరి పేరున వ్రాయబడియుండుట తరువాతి మెట్టు. ఈ ఖర్చునకు డబ్బు లేదను అధికారి, ఒక్క స్త్రీకి రేడియేషన్, కీమోథెరపీల నిమిత్తము ఆరోగ్యశ్రీ వంటి పథకము చెల్లించు మొత్తమును తన శాఖలోనే కనుగొని, దానిని ఈ గడుల ప్రక్కన వేసి చూచుకొనవచ్చును.